వెనక్కి వచ్చిన పిడికెడు బియ్యం

మా అమ్మ చర్చికి మోసుకుపోయిన బియ్యాన్ని మా అన్న వెనక్కి పంపించాడు. ఆ చర్చికి పాస్టరు మా అన్నే. అందరి ముందు మైకు పట్టుకుని, కన్నతల్లిని "ఆ సహోదరి" అని ఎవరో పరాయి మనిషిని అన్నట్టు పిలిచి మరీ పంపించాడు. ఇది రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఒళ్ళు మండిపోయి కాగితాలు పక్కన పెట్టేశాను. కోపం చల్లారాక రాయమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. చల్లారితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు.

ముందు ఆ బియ్యం సంగతి చెప్పాలి. వీపనగండ్ల వైపు మా ఊళ్ళో, మా వాడలో, ఏసుప్రభువును నమ్ముకున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. వంటకు కొలిచిన బియ్యంలోంచి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. ఇంట్లో తినేవాళ్ళు ఎందరున్నా, బియ్యం అడుగంటినా, ఆ పిడికెడు మాత్రం తీయాల్సిందే. ఆదివారం ఆరాధన చివర్లో ఆ బియ్యం తీసుకుపోయి చర్చి సంచిలో పోస్తారు. మా చిన్నప్పుడు అందులో కొంత అప్పటి పాస్టరు అయ్యగారింట్లో వండుకునేవాళ్ళు. మిగిలింది ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్ళకు పోయేది. ఎవరింట్లో అంటే ఎవరింట్లోనైనా సరే. నుదుట బొట్టుందా లేదా అని చూసి బియ్యం పోసింది నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మకు చదువు రాదు. ఆమెకు తెలిసిన భక్తి ఆ పిడికెడులోనే ఉంది. పూణెలో మట్టిపనికి పోయిన రోజుల్లో, టార్పాలిన్ గుడిసెలో కూడా ఒక పాత డబ్బా పెట్టుకుని పిడికెడు తీసేది. ఊరికి వచ్చేటప్పుడు ఆ బియ్యం మూటకట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. పూణె నుంచి బియ్యం మోసుకొచ్చే పిచ్చిదాన్ని ఎక్కడా చూడలేదని నాన్న కసిరేవాడు. అమ్మ మూట మాత్రం వదిలేది కాదు.

అమ్మకు పాణం లాంటిది ఇంకొకటుంది. నెలలో మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. మావాళ్ళు దాన్ని బల్ల అంటారు. రొట్టె తీసుకోవడాన్ని బల్లలో చెయ్యి వేయడం అంటారు. ఊళ్ళో ఉండి కూడా అమ్మ బల్ల తప్పిన నెల లేదు. నాన్న పోయిన వారం కూడా, ఏడ్చి వాచిన ముఖంతోనే పోయి చెయ్యి వేసి వచ్చింది. కూలిపనికి, మా మాటలో కైకిలికి, పోయిన ప్రతి చేలో ఒసేయ్, గిసేయ్ అని పిలిపించుకున్న మనిషి ఆమె. చాయ్ ఇస్తే గ్లాసు కడిగి బోర్లించి రావాల్సిన మనిషి. అక్కడ మాత్రం అందరికీ వచ్చిన ముక్కే, అదే పళ్ళెంలోంచి, ఆమె చేతికీ వస్తుంది. బల్ల కాడ నేనెవరికీ తక్కువ గాదు అని చాలాసార్లు అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతే వేరుగా ఉండేది.

ఇక పక్కింటి అత్త. మా ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ గోడ ఒకటే. మా కులమే, మా చుట్టమే, కానీ బాప్తిస్మం తీసుకోలేదు. నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టుకుని ఎల్లమ్మకు బోనం ఎత్తుతుంది. అమ్మా ఆమే ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. అమ్మానాన్న పూణె పోయినప్పుడల్లా మా అన్ననూ నన్నూ ఆమె దగ్గరే వదిలిపోయేవాళ్ళు. ఆమె పెట్టిన బువ్వ తిని, ఆమె చేతుల దెబ్బలు తిని పెరిగాం. బోనం రోజు ఆమె వండిన పరమాన్నం మా అన్న గిన్నె నాకి నాకి తిన్నాడు. నా గిన్నెలోది కూడా లాక్కుని తిన్నాడు. ఇప్పుడు అదే అన్న, ప్రసాదం ముట్టినవాడి నోరు అపవిత్రమని మైకులో చెబుతున్నాడు.

ఈమధ్య వానాకాలంలో అమ్మ బోరు దగ్గర పాకుడు మీద కాలుజారి పడింది. కుడి మణికట్టు విరిగింది. వనపర్తి దవాఖానలో పిండికట్టు వేశారు. నేను నాగర్‌కర్నూల్‌లో గురుకుల పాఠశాలలో సోషల్ టీచర్ని. హాస్టల్ డ్యూటీల మధ్య వారానికోసారి ఊరికి రావడమే కష్టం. చర్చి వెనకున్న అన్న ఇంటికి పొమ్మంటే అమ్మ, నా పొయ్యి నాకుండంగ యాడికి పోతనే అని మొండికేసింది. చివరికి అత్తే అన్నీ చేసింది. అమ్మ పొయ్యి మీద వండింది, అమ్మకు తల దువ్వింది, నీళ్ళు పోసింది, కైకిలి మానుకుని మరీ చేసింది.

ఒక శనివారం నేను ఇంటికి వచ్చేసరికి అత్త బియ్యం కొలుస్తోంది. పిడికెడు తీసి, కళ్ళకద్దుకుని, అమ్మ కుండలో వేసింది. నాకు నవ్వొచ్చింది. నువ్వెప్పటి నుంచి మాలో కలిశావు అత్తా అని ఆటపట్టించాను.

"మీ అమ్మ చేతికి కట్టు గట్టిండ్రు గాని దేవునికి కట్టు గట్టలే గదా" అంది అత్త. "ఆమె ఏసేది నేనేస్తున్న. గంతే."

మంచం మీద కూర్చున్న అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అత్తను ఈ పని చెయ్యమని ఎవరూ అడగలేదు, చెప్పలేదు. పక్కింట్లో ఇన్నేళ్ళు చూసిన పని కాబట్టి, ఆ చెయ్యి చేయలేనప్పుడు ఈ చెయ్యి చేసింది. ఇందులో పాపం ఎక్కడుందో వెతకాలంటే మనిషి ప్రత్యేకంగా చదువుకోవాలి. మా అన్న చదువుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊళ్ళోకి ఒక తెల్ల ముసలాయన వచ్చాడు. దక్షిణాఫ్రికాలో రైతు. వయసు మీదపడి పొలం అమ్మేసి, దేశాలు తిరుగుతూ చర్చిల్లో మాట్లాడుతున్నాడు. అన్నకు బైబిలు శిక్షణ ఇచ్చినవాళ్ళ ద్వారా పరిచయం. కొన్ని వారాలు అన్న ఇంట్లోనే ఉన్నాడు. తాను ఇంగ్లీషువాణ్ణి కానని వచ్చిన రోజే గట్టిగా చెప్పాడు. ఆఫ్రికానర్ అట. వందల ఏళ్ళ కింద ఓడలెక్కి హాలండు నుంచి ఆఫ్రికాకు పోయిన రైతుల సంతానం. అక్కడే పుట్టిన ఒక భాష, చేతిలో బైబిలు, కాలికింద భూమి, ఈ మూడే మేము అని చెప్పాడు. ఆయన వాళ్ళ ఒకప్పటి ప్రభుత్వం గురించి తొమ్మిదో తరగతి పిల్లలకు నేను పాఠం చెబుతాను. వర్ణవివక్ష అని బోర్డు మీద రాసి కింద గీత గీస్తాను. అలాంటిది ఆ పాఠంలోంచి ఒక మనిషి లేచి వచ్చి మా అమ్మ అరుగు మీద కూర్చుంటాడని అనుకోలేదు.

మనిషి చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. గద్వాల వైపు విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలు చూపించడానికి తీసుకుపోతే మన్ను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ఆయన భోజనానికి వస్తున్నాడని అన్న ముందే వచ్చి, పెరట్లో తాడు మీద ఎండుతున్న మాంసం తునకలు తీసెయ్యమని అమ్మ మీద గయ్యిమన్నాడు. దొరల ముందు మన పరువు పోతుందట. కట్టు విప్పినా అమ్మ కుడిచెయ్యి ఇంకా పైకి లేవడం లేదు, ఎడమ చేత్తో తీయడం రాలేదు, అత్త ఇంట్లో లేదు. అవి అలాగే ఉన్నాయి. ముసలాయన వాటిని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. వాళ్ళ ఇళ్ళల్లోనూ మాంసం ఇలాగే ఎండబెడతారట, వాళ్ళ అమ్మ చేసిన వాసన వస్తోందట. రెండు ముక్కలు అక్కడే నమిలాడు. మా అన్న ముఖం చూసి నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ మధ్యాహ్నం తిన్నాక అరుగు మీద కూర్చుని ఆయన తన కథ చెప్పాడు. అన్న తెలుగు చేసి అమ్మకు వినిపించాడు. ఆయన తండ్రి వాళ్ళ చర్చిలో పెద్ద. ఆదివారం నల్ల కోటు, తెల్ల టై కట్టుకుని, ఎవరు బల్లకు తగినవారు, ఎవరు కారు అని తేల్చే మనిషి. వాళ్ళింట్లో వంటకు ఒక నల్లజాతి ఆమె ఉండేది. ఈయన్ని పెంచింది ఆమే. చర్చిలో బల్లకు రొట్టె చేసేది కూడా ఆమే. కానీ తాను చేసిన ఆ రొట్టెను ఆ చర్చిలో కూర్చుని తినడానికి ఆమెకు వీల్లేదు. ఒక ఆదివారం వానలో రొట్టెల బుట్ట తెచ్చి తలుపు దగ్గర నిలబడితే, తండ్రి బుట్ట లోపలికి తీసుకుని తలుపు వేశాడు. ఈయన అప్పటికి మీసాలొచ్చిన కుర్రవాడు. ముందు వరసలో కూర్చుని అంతా చూశాడు, నోరు తెరవలేదు. అది చెబుతూ ముసలాయన ఏడ్చాడు.

అమ్మ ఆయనకు నీళ్ళిచ్చింది. అన్న తువ్వాలు అందించాడు. నేను మాత్రం ఆమె పేరేమిటని అడిగాను. ఇంట్లో వాళ్ళు పెట్టి పిలిచిన పేరొకటి చెప్పాడు. అది కాదు, ఆమె తల్లి పెట్టిన పేరేమిటని మళ్ళీ అడిగాను. తెలియదన్నాడు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగి, పేరు తెలియదు. అన్న నన్ను కళ్ళతోనే కసిరాడు.

ఆయన బాధ అక్కడితో అయిపోలేదు. ఆనాటిది పాపమని ఇప్పుడు వాళ్ళ చర్చే ఒప్పుకుందట, మంచిదే. కానీ ఇప్పుడు చర్చిలో కూర్చునే బెంచీలు ఖాళీ. బడులు ఇంగ్లీషులోకి మారిపోతున్నాయి. మనవలు ఆయన భాషలో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిస్తారు. కూతురు దేవుడే లేడనే మనిషిని చేసుకుంటే ఈయన ఇంతవరకు ఆమె గడప తొక్కలేదు. మేము ఎవరమో మాకే తెలియకుండా పోయిందని అన్నాడు. తరువాత అమ్మవైపు తిరిగి, మీరు పాత దేవుళ్ళను వదిలేశారు కదా, మీరు ఇంకా మీరేనని మీకెలా తెలుసు అని అడిగాడు.

అమ్మకు ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. "తెల్వకపోనీకి ఏముంది? ఎవరింట్ల పురుడైనా పోతం, ఎవరింట్ల పీనుగు లేసినా పోతం. గదే మేము" అంది.

అన్న దాన్ని ఇంగ్లీషులో, మేము క్రీస్తులో కొత్త సృష్టి అయ్యామని అమ్మ అంటోంది అని చెప్పాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కాదు, ఆమె అన్నది ఇదీ అని మాటకు మాట ఇంగ్లీషులో చెప్పాను. ముసలాయన తలాడించి చిన్న డైరీలో ఏదో రాసుకున్నాడు. 

మర్నాడు ఆదివారం. అన్న వాక్యం చెప్పాడు. దేని మీద అనుకున్నారు? ఆ వంటామె మీదే. రొట్టె చేసిన చేతిని బయట నిలబెట్టిన చర్చి దేవుని చర్చి కాదని, బల్ల దగ్గర గోడలు కట్టకూడదని గొంతు పగిలేలా చెప్పాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు కూడా, అబద్ధమెందుకు, మా అన్న మీద గర్వంగానే అనిపించింది. పావుగంట కూడా నిలవలేదు ఆ గర్వం.

వాక్యం అయ్యాక సాక్ష్యాలు. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. అమ్మ లేచింది. ఆ వారమే కట్టు విప్పారు, చెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది. కట్టు విప్పించిన దేవునికి స్తోత్రం అంది. ఆ తరువాత, తనకు వండిపెట్టినామెను బట్టి స్తోత్రం అంది. తన చెయ్యి పని చెయ్యని రోజుల్లో కూడా ఆమె ప్రతి పూటా పిడికెడు తీసి పెట్టిందని, ఒక్క పూట కూడా కుండ ఖాళీగా ఉండలేదని, ఒళ్ళోని సంచి ఎత్తి చూపిస్తూ సంతోషంగా చెప్పింది. తెలివైన మనిషయితే చెప్పేది కాదు. కానీ సాక్ష్యంలో ఏదీ దాచకూడదని, మేలు చేసినవాళ్ళను మరవకూడదని ఆమెకు నేర్పింది ఆ చర్చే. అక్కడే ఆమె నేర్చుకుంది, అక్కడే చెప్పింది.

ఎవరా వండిపెట్టిందని ఒకరిద్దరు గుసగుసలాడారు. బోనమెత్తే ఆమె అని ఇంకెవరో అన్నారు. అన్న ముఖం మాడిపోయింది. మైకు తీసుకున్నాడు.

"విగ్రహానికి బోనమెత్తిన చెయ్యి తీసిన బియ్యం దేవుని సన్నిధిల పెట్టలేం. ఆ సహోదరి ఆ సంచి ఎన్కకు తీస్కపోవాలె. వచ్చే ఆదివారం బల్ల ఉంది. అందరి ముందట తప్పు ఒప్పుకున్నంకనే బల్లల చెయ్యి."

ఆ సహోదరి! అమ్మకు మొదట అది తన గురించేనని అర్థం కాలేదు. అటూ ఇటూ చూసింది. అర్థమయ్యాక సంచి కొంగులో దాచుకుని కూర్చుంది. కానుకల పాట మొదలైంది. ఒక్కొక్కరే లేచి ముందుకు పోయి బియ్యం పోసి వచ్చారు, కొందరు ఈమధ్య వచ్చిన పద్ధతిలో ఫోన్లు తీసి స్కాన్ చేశారు. అమ్మ కదలలేదు. ఆమె పక్కన చాప మీద కూర్చున్నవాళ్ళు, ఆమెతో కలిసి ఏళ్ళ తరబడి నాట్లు వేసినవాళ్ళు, తలొంచుకుని పాటల పుస్తకంలోకి చూశారు. వాళ్ళలో చాలామందికి చదవడమే రాదు.

బయటికి రాగానే నేను తిన్నగా ముసలాయన దగ్గరికి పోయాను. లోపల జరిగింది ఆయనకు ఎవరూ తెలుగులోంచి చెప్పలేదు. నేను చెప్పాను, ఏదీ విడిచిపెట్టకుండా. వింటూ ఉంటే ఆయన ముఖం ఎర్రబడింది. కాసేపు టోపీ చేతుల్లో తిప్పాడు. తాను అతిథినని, ప్రతి చర్చికీ ఒక క్రమం ఉంటుందని, అందులో తాను తలదూర్చడం మర్యాద కాదని అన్నాడు. మీ నాన్న చర్చికి కూడా ఆ రోజు ఎవరో ఒకరు అతిథులు వచ్చే ఉంటారు అన్నాను. ఆయన నీళ్ళ సీసా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

అన్నతో ఆ మధ్యాహ్నమే పోట్లాట పెట్టుకున్నాను. అతని మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకూ అతనికీ తేడా ఉండదు. సంఘంలో సగం ఇళ్ళు టౌనులో పెద్ద చర్చి వైపు చూస్తున్నాయట. పాస్టరు సొంత ఇంట్లోనే గీత లేకపోతే ఇక అతని మాట ఎవరు వింటారట. హిందువుల వైపు కుర్రాళ్ళు కూడా కండువాలు కప్పుకుని, తమ ఆడవాళ్ళు చర్చికి పోయేవాళ్ళ ఇళ్ళల్లో వంటలు చేయొద్దని తిరుగుతున్నారట. అది నిజమే. మా ఇంట్లో ఎందుకు వండుతున్నావని అత్త వాళ్ళ వైపువాళ్ళు ఆమెను కూడా అడిగారని నాకు తరువాత తెలిసింది. వీళ్ళు ఇటు నుంచి గీత గీస్తుంటే వాళ్ళు అటు నుంచి గీస్తున్నారు, మధ్యలో ఇద్దరు ముసలివాళ్ళ పొయ్యి.

"ఆ పెద్దాయన గోస ఇనలేదా చెల్లె?" అన్నాడు. "గీత గీస్కోకనే గదా వాళ్ళు ఆగమైండ్రు. రేపు మన పిల్లలు మేమెవరమని అడిగితే ఏం జెప్తవ్?"

 ఆ ముసలాయన కథ అంతా తానే తెలుగు చేసి, దాని మీద వాక్యం చెప్పి, చివరికి మా అన్న అందులోంచి ఏరుకున్న సంగతి ఇదీ! గోడ కట్టి పాడైపోయిన జనాన్ని చూసి, గోడ సరిగ్గా కట్టకపోవడం వల్లే పాడయ్యారని నేర్చుకున్నాడు.

"నీ గొంతు గింత లావైందంటే ఆమె బువ్వ తినే గదనే అన్నా" అన్నాను. "ఆ బువ్వ మొదలు కక్కు. తర్వాత బియ్యం సంగతి మాట్లాడుదాం."

అతను లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అత్త వచ్చి బియ్యం సంచి మా ఇంట్లోనే ఉండటం చూసింది. ఎందుకు వెనక్కి వచ్చిందని అడిగింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను, అమ్మ ఆపి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అత్త గోడకానుకుని కూర్చుంది. చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంటూ ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది, నేనూ కలిసి తిట్టేదాన్ని.

"నా చెయ్యి సంగతి ఇడ్వు వదినా" అంది చివరికి. "నీ బల్ల ఇడ్వకు. తప్పయిందని ఒక్క మాట అను, నేనేమనుకోను."

ఆ వారమంతా ఆమె మా ఇంటివైపు రాలేదు. అలిగి కాదు. తాను వస్తే అమ్మకు బల్ల పోతుందని రాలేదు. గోడ అవతల దగ్గు వినిపించేది, బిందె చప్పుడు వినిపించేది, మనిషి కనిపించేది కాదు. అమ్మ ఆ సన్నబడ్డ చేత్తోనే తంటాలు పడి వండుకుందట. బుధవారం ఫోన్ చేస్తే, గోడవతల నుంచి పలకరింపు లేకుంటే బువ్వ దిగుతలేదని చెప్పి పెట్టేసింది. నేను స్టాఫ్‌రూములో కూర్చుని ఏడ్చాను, కోపంతో ఏడ్చాను.

శనివారం పోయి బతిమాలాను. రేపు చర్చికి పోవద్దు, నాతో నాగర్‌కర్నూల్ రా, అక్కడ ఎన్ని చర్చిలు లేవు, ఎక్కడైనా బల్ల బల్లే అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎందుకు రావాలె? బల్ల మీ అన్నదా ఏంది?" అంది.

మరునాడు తెల్ల చీర కట్టుకుని అందరికన్నా ముందే పోయి చాప మీద కూర్చుంది. ఏం చెప్పబోతోందో నాకు చెప్పలేదు. అన్న నన్ను పిలిచి, తాను బల్ల దగ్గర ఉంటాడు కాబట్టి ముసలాయన పక్కన కుర్చీలో కూర్చుని అన్నీ ఇంగ్లీషు చేసి చెప్పమన్నాడు. వద్దందామనుకున్నాను. మళ్ళీ, ఈసారి తనకు తెలియలేదనే సాకు ఆయనకు ఉండకూడదని కూర్చున్నాను.

రొట్టె మీద తెల్లగుడ్డ తీసే ముందు అన్న, ఒప్పుకోలు చెప్పవలసినవారు లేవండి అన్నాడు. అమ్మ లేచి ముందుకు నడిచింది. నడుస్తూ ఉంటే ఆమె కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది. మా అన్న ముఖంలో నిజంగానే ఊరట కనిపించింది. అది చూసి పళ్ళు పటపట కొరికాను. తల్లి నలుగురిలో తలదించుకుంటోందని ఊరట!

అమ్మ జనం వైపు తిరిగి నిలబడింది.

"నాది తప్పే" అంది. "నా చెయ్యి ఇరిగితే ఆమె నాకు వండిపెట్టింది. తనది గాని దేవునికి గూడ నా పేరు మీద తీసిపెట్టింది. ఇన్నేండ్లల్ల నేను ఆమె పేరు మీద ఒక్క పిడికెడు తియ్యలే. గది పాపం. ప్రభువు నన్ను మన్నించాలె."

అన్నవైపు తిరిగి, ఒప్పుకున్న, ఇగ బల్ల కానియ్యి అని పోయి తన చాప మీద కూర్చుంది.

 నేను ముసలాయన చెవి దగ్గర వంగి, ఒక్కో మాట, ఒక్కో మాట చెప్పాను. ఆయన కళ్ళు నేలకు దించి విన్నాడు. అర్థమైందా అని అడిగాను. అర్థమైందని తలూపాడు. అన్న మైకు తీసుకున్నాడు, మళ్ళీ పక్కన పెట్టేశాడు. ప్రార్థన చేసి రొట్టె విరిచాడు.

పళ్ళెం మొదట అతిథి దగ్గరికి వచ్చింది. ఆయన చెయ్యి అక్కడ ఆగుతుందేమోనని నేను చూశాను. ముసలాయన ఒక ముక్క తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ, తిన్నాడు. అన్నీ తెలిసి తిన్నాడు. తరువాత పళ్ళెం నా ముందుకు వచ్చింది. నేనూ ఒక ముక్క తీసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. అన్న ఆడవాళ్ళ చాపల వైపు నడిచాడు. ఒక్కొక్కరి ముందు వంగి ఇస్తూ పోయాడు. అమ్మ రెండు చేతులూ చాపి ఉంచింది. అతను ఆమె పక్కనామెకు ఇచ్చి, అమ్మను దాటి, అవతలామె ముందు వంగాడు.

నేను లేచాను. కుర్చీ పడిపోయిన చప్పుడు నాకు వినిపించింది గానీ వెనక్కి చూడలేదు. పోయి అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నా గుప్పిట్లోని రొట్టె ఆమె చాపిన చేతుల్లో పెట్టబోయాను. అమ్మ నా చేతిని వెనక్కి నెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. చేతులు అలాగే చాపి ఉంచి, నన్ను కాకుండా నా భుజం మీదుగా చూస్తూ అంది.

"నీది నాకెందుకే? నాది నాకియ్యమను."

మా అన్న పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.